గ్రీజు పెట్టడానికి ఒక ఆదివారమా?

కాగితపు మిల్లు వున్న ఒక వూరినుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. పేరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. ఆమెగారి భర్త ఆ మిల్లులో ఎలక్ట్రికల్ సెక్షన్‌లో పనిచేస్తున్నారు. ఏడాదికి రెండు మూడు ఆదివారాలు “షట్‌డౌన్” అంటూ తెల్లవారకముందే బయలుదేరి, దీపాలు పెట్టే వేళకుగాని యిల్లు చేరరట. పొద్దుటినుంచీ యేం చేశారండీ అని అడిగితే “బ్రేకర్లకు గ్రీజు పెట్టాం” అని అన్నానికి కూర్చుంటారట. “నా కుట్టు మిషనుకు నేను అయిదు నిమిషాల్లో నూనె వేసుకుంటాను. యింత చదువుకున్నవారికి చెంచాడు గ్రీజు పెట్టడానికి ఒక ఆదివారం కావాలా? నిజం చెప్పండి” అని ఆమె ప్రశ్న. చివరి రెండు మాటల కింద రెండేసి గీతలు గీశారు కూడాను.

నిజమే చెబుతున్నానమ్మా. చెంచాడు కూడా పట్టదు. ఒక్కొక్క చోట వేలికొనకు అంటినంత చాలు. అయినా ఆదివారం కావాలి. ముప్ఫై యేళ్ళు ఆ పని చేసినవాణ్ణి, తరువాత చేయించినవాణ్ణి గనుక, యీ వారం మిగతా ఉత్తరాలన్నీ పక్కనపెట్టి దీని సంగతే చెబుతాను.

మీ యింట్లో మీటరు పక్కన ఎం.సి.బి.లు వుంటాయి గదా. గీజరూ, ఇస్త్రీపెట్టే, మోటారూ ఒకేసారి వేస్తే టక్కున పడిపోయే చిన్న మీట. ఫ్యాక్టరీ బ్రేకరు దానికి ముత్తాత. నిలువెత్తు ఇనప బీరువాలో, సొరుగులాగా లోపలికీ బయటికీ జరిగే యంత్రం. యిద్దరు మనుషులు ఎత్తాలన్నా లేవదు. యింటి మొత్తానికి పాతిక ముప్ఫై ఆంపియర్లు చాలు. దీనిగుండా 1000, 2000, ఒక్కొక్కచోట 4000 ఆంపియర్లు రాత్రింబగళ్ళు పోతూనే వుంటాయి. యెక్కడో కేబులు చెడి షార్టయిందనుకోండి, ఆ ప్రవాహం ఒక్క ఉదుటున 50,000 ఆంపియర్ల దాకా కూడా లేవవచ్చు. అప్పుడు బ్రేకరు తెరుచుకోవాలి. సెకండులో పదోవంతు గడవకముందే తెరుచుకోవాలి.

యిందులో వున్న చిక్కు మీవంటి గృహిణికి చప్పున అర్థమవుతుంది. మిల్లులో పంపు రోజూ తిరుగుతుంది. దానికి వొంట్లో బాగుండకపోతే చప్పుడు చేస్తుంది, వేడెక్కుతుంది, నూనె కారుస్తుంది. బ్రేకరు అట్లా కాదు. కదలకుండా నిలబడి వుండడమే దాని ఉద్యోగం. రెండేళ్ళు నిలబడుతుందో, అయిదేళ్ళు నిలబడుతుందో, ఒక అర్ధరాత్రి రెప్పపాటులో కదలమంటారు. లోపల బిగుసుకుపోయిందా లేదా అన్నది బయటినుంచి చూస్తే తెలియదు. పైన దీపం వెలుగుతూనే వుంటుంది, రంగు మెరుస్తూనే వుంటుంది.

లోపలి ఏర్పాటు చూడాలంటే మీ వంటింట్లో ఎలకల బోను తీసుకోండి. గట్టి స్ప్రింగును వెనక్కి లాగి ఒక చిన్న కొక్కేనికి తగిలిస్తాం. ఎలుక ఎరను ముట్టుకోగానే కొక్కెం జారుతుంది, స్ప్రింగు తన పని తాను చేస్తుంది. బ్రేకరులోనూ అంతే. మనిషిచేతి ఎముక విరగ్గొట్టగల స్ప్రింగులు, వాటిని ఆపి వుంచే ఒక చిన్న గొళ్ళెం. ఆ గొళ్ళేన్ని తోసే కాయిలు బలం మాత్రం బహు స్వల్పం. కొక్కెం తుప్పుపట్టిన బోనులో ఎలుక పకోడీ తిని పోతుంది గదా, అదే విధంగా గొళ్ళెం దగ్గర, దాని కింద తిరిగే చిన్న రోలరు దగ్గర గ్రీజు గట్టిపడితే కాయిలు తోస్తూనే వుంటుంది, గొళ్ళెం జారదు.

గ్రీజు యెందుకు గట్టిపడుతుందీ అంటారేమో. గ్రీజంటే నూనె, ఆ నూనెను స్పంజిలాగా పట్టివుంచే ఒకరకం సబ్బు. చాలా గ్రీజుల్లో అది లిథియం సబ్బు. యేళ్ళ తరబడి వేడికి, గాలికి నూనె కొంత కారిపోతుంది, కొంత ముదిరిపోతుంది. మిగిలేది సబ్బూ దుమ్మూ. పాకం సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. తీగపాకం చూస్తూ వుండగానే ఉండపాకమవుతుంది. దించడం మరిస్తే గరిటె కదలదు. గ్రీజు కూడా అంతే, కాకపోతే దానికి కొన్నేళ్ళు పడుతుంది. కాగితపు మిల్లులో తేమా పీచుధూళీ వుంటాయి గనుక యింకా తొందర. సిమెంటు ఫ్యాక్టరీ మాట వేరే చెప్పాలా?

మా తాతగారి కాలంలో ఎడ్లబండి ఇరుసుకు కందెన వేసేవారు. ఆముదంలో కాల్చిన గడ్డిమసి కలిపి, వెదురు గొట్టంలో పోసి బండికింద వ్రేలాడదీసేవారు. బండి రోజూ నడిచేది గనుక కందెన రోజూ కలబడేది. యెండాకాలమంతా పాకలో పడివున్న బండిని తొలకరికి బయటికి లాగితే యెట్లా మూలిగేదో పల్లెటూరివారికి తెలుసు. బ్రేకరు ఎప్పుడూ పాకలో వున్న బండే.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన మిల్లులో, పేరు అనవసరం, ఒక రాత్రి కేబులు చెడింది. దాని బ్రేకరు పడలేదు. కొంత ఆలస్యంగా పైనున్న పెద్ద బ్రేకరు పడి సగం మిల్లు చీకటైంది. ఆ కొంత ఆలస్యం అంటే సెకండులో సగం కూడా కాదు. అంతమాత్రానికే కేబులు మొదట్లో రాగి కరిగి గోడమీదికి చిమ్మింది. ఆ సమయానికి ఆ గదిలో మనిషి లేడు. మరునాడు బ్రేకరు విప్పితే లోపల యేమీ విరగలేదు, యేమీ కాలలేదు. ట్రిప్పు షాఫ్టు దగ్గర గోధుమరంగు జిగురు, గోటితో గీకితే పొడి రాలేటట్లు. మా ఫోర్‌మన్ ఆ పొడిని కాగితంలో పొట్లం కట్టి మేనేజరుగారి బల్లమీద పెట్టి వచ్చాడు. మాట్లాడలేదు. ఆ పై సంవత్సరంనుంచి షట్‌డౌన్ ఆదివారాలు అడిగితే కాదనలేదు.

యిది మనదేశంలో చిన్న మిల్లు కథ అని తీసివేయకండి. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రాన డెలావేర్ నది వొడ్డున సేలం అని ఒక అణు విద్యుత్ కేంద్రం వుంది. మన తమిళనాడు సేలం కాదు. 1983 ఫిబ్రవరి 25న అక్కడి ఒకటో రియాక్టరును వెంటనే ఆపమని రక్షణ యంత్రాలు తమంతట తామే హుకుం జారీచేశాయి. దాన్ని అమలు జరపవలసినవి రెండు బ్రేకర్లు. ఒకటి మొరాయించినా రెండోది పనిచేస్తుందనే ధైర్యంతో రెండు పెట్టారు. రెండూ మొరాయించాయి. ఆపరేటర్లు కనిపెట్టి, చేత్తో స్విచ్చి తిప్పి, సుమారు అర నిమిషంలో రియాక్టరును ఆపారు. చేతి స్విచ్చి వేరే కాయిలు మీదుగా పనిచేసేది గనుక గండం గడిచింది. యెవరికీ దెబ్బ తగలలేదు. తరువాత రికార్డులు తిరగవేస్తే మూడు రోజుల ముందు, 22వ తేదీన కూడా బ్రేకర్లు యిట్లాగే పడలేదనీ, ఆనాడు ఆపరేటరు దాదాపు అదే క్షణంలో చేత్తో ఆపడంవల్ల యెవరి కంటా పడలేదనీ తేలింది!

విచారణ చేసి కారణం వెదికితే దొరికింది పెద్దదేమీ కాదు. బ్రేకరులో వోల్టేజి పోగానే విడుదల కావలసిన ఒక చిన్న పరికరం బిగుసుకుంది. సరైన కందెన లేదు, దుమ్ము పట్టింది, అరిగింది. ఆ భాగాన్ని యెట్లా శుభ్రం చేయాలో, దానికి కందెన యెట్లా పెట్టాలో తయారుచేసినవారు 1970ల మొదట్లోనే కాగితాలు పంపించారు. ఆ కాగితాలు ఆ కేంద్రంలో పనివాళ్ళ పద్ధతుల్లోకి యెక్కలేదు. ఆ యేడే అమెరికా అణు నియంత్రణ కమిషన్ తక్కిన రియాక్టర్ల వారందరికీ యీ విషయమై ఉత్తర్వులు పంపింది. చూశారా, వేలికొన గ్రీజు యెక్కడిదాకా పోయిందో.

ఇంకొక తమాషా వుంది. బిగుసుకున్న బ్రేకరు మొదటిసారి మాత్రమే బద్ధకిస్తుంది. ఒకసారి కదిలితే రెండోసారి, మూడోసారి చురుకుగా పడుతుంది. రెండుసార్లు ఆడించి, తరువాత కొలిచి, “భేషుగ్గా వుంది” అని వ్రాసిపెడితే ఆ లెక్క దండగ. అసలు ప్రమాదంలో దానికి రెండో అవకాశం యెవరిస్తారు? అందుకని తెలిసినవారు పని మొదలుపెట్టేటప్పుడు, బ్రేకరును ఆపే ఆ మొదటి కదలికనే పరికరంతో పట్టుకొంటారు. మీవారు యిట్లా చేస్తున్నారో లేదో అడిగి చూడండి. అడిగినందుకు ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు ఆదివారం మాట. పొద్దున్న ఆరుకు మీవారు మిల్లుకు చేరితే, గ్రీజు డబ్బా మూత తీసేది యే పదింటికో. మధ్య నాలుగు గంటలు యేమయ్యాయి?

ముందు లైన్ క్లియర్ తీసుకోవాలి. నోటిమాటమీద కాదు, కాగితంమీద: యే ఫీడరు, యెన్నిగంటలకు, యెవరి పేర. తరువాత బ్రేకరును ఆపి, హాండిలు తిప్పి బీరువాలోంచి వెనక్కి లాగాలి. సర్వీసు, టెస్టు, ఐసొలేటెడ్ అని మూడు మజిలీలు వుంటాయి. మూడోదానికి వచ్చాక తాళం వేసి, “మనుషులు పనిచేస్తున్నారు” అని బోర్డు కట్టి, తాళంచెవి తన జేబులో వేసుకోవాలి. ముగ్గురు పనిచేస్తే మూడు తాళాలు. ఒకరు టీకి వెళ్ళారని వారి తాళం మరొకరు తీయకూడదు. తరువాత కరెంటు లేదని రుజువు చేసుకోవాలి. టెస్టరును ముందు కరెంటు వున్నచోట పెట్టి అది పనిచేస్తున్నదని చూసి, యిక్కడ పెట్టి, మళ్ళీ కరెంటు వున్నచోట పెట్టి చూడాలి. టెస్టరు మధ్యలో చచ్చిపోతే అదీ “కరెంటు లేదు” అనే చూపిస్తుంది మరి! కేబులు ముట్టుకునే పని వుంటే ఎర్త్ రాడ్ వేయాలి. ఆపిన తరువాత కూడా కేబులులో కొంత చార్జి దాగి వుంటుంది.

అన్నిటికన్నా మోసం చేసేది ఖాళీ బీరువా. బ్రేకరును బయటికి లాగేశాం గదా, యింకేముందని చాలామందికి ధీమా. కాని బీరువా వెనకభాగాన బస్‌బారు కరెంటుతోనే వుంటుంది. దాని ముందు షట్టర్లు మూసుకొని వుంటాయి. తుడుద్దామనో, చూద్దామనో ఆ షట్టరు ఎత్తడం పులిబోను తలుపెత్తడమే. మొత్తం బస్‌బారును ఆపించుకొని, దానికి వేరే లైన్ క్లియర్ తీసుకొంటే తప్ప ఆ పక్కకు చేయి పోనివ్వకూడదు.

బయటికి లాగిన బ్రేకరులో కరెంటు లేదు, నిజమే. స్ప్రింగులున్నాయి. స్ప్రింగుకు కరెంటుతో నిమిత్తం లేదు. దాన్ని బిగించే చిన్న మోటారు ఒకటుంటుంది. స్ప్రింగు వదులైందంటే చాలు, అది తనంత తానే మళ్ళీ బిగించేస్తుంది. అందుకని ముందు ఆ మోటారుకు వచ్చే కంట్రోలు సప్లై తీసివేయాలి. తరువాత చేతి బొత్తాములతో వేసి, తీసి, స్ప్రింగుల్లో వున్న బిగువంతా ఖర్చుచేయించాలి. గుర్తు “డిస్‌చార్జి” అని చూపాక వేళ్ళు లోపల పెట్టవచ్చు. వరస తప్పితే వేళ్ళు మిగలవు. వేళ్ళు పోగొట్టుకొన్నవారిని నేనెరుగుదును.

యింతా అయ్యాక గ్రీజు. అదీ వెంటనే కాదు. పాతదాన్ని ముందు తుడవాలి. పాత జిడ్డుమీద కొత్త గ్రీజు పెట్టడం మాడిన మూకుడులో కడగకుండా పోపు వేయడం వంటిది. నూలు పోగులు రాలని గుడ్డ, తయారీదారు చెప్పిన క్లీనరు వాడాలి. పెట్రోలు, కిరసనాయిలు పనికిరావు. క్లీనరు యేదైనా గది తలుపులు తెరిచి వుంచాలి. రెండురకాల గ్రీజులు కలపకూడదు. వాటి సబ్బులు ఒకదానికొకటి పడకపోతే ఒక్కొక్కప్పుడు నీళ్ళలా కారిపోతాయి, ఒక్కొక్కప్పుడు రాయవుతాయి. కీళ్ళకు పెట్టే గ్రీజు వేరు, కరెంటు పోయే వేళ్ళవంటి కాంటాక్టులకు పెట్టేది వేరు. ఆర్కు లేచే మొనలకు, ఆర్కును చల్లార్చే గూళ్ళకు, ఇన్సులేషనుకు ఒక చుక్క కూడా తగలకూడదు. కొన్ని కీళ్ళకు అసలు పెట్టవద్దని పుస్తకంలోనే వ్రాసి వుంటుంది. ఎక్కువ పెడితే యెక్కువ పుణ్యం రాదు, యెక్కువ దుమ్ము వస్తుంది.

మనవాళ్ళకు ఒక పాడు అలవాటు వుంది. యేది బిగుసుకున్నా డబ్ల్యు.డి.40 స్ప్రే తెచ్చి చిమ్మేస్తారు. అది 1953లో అమెరికాలో శాన్‌డియెగోలో రాకెట్ల పనికోసం, లోహంమీద తేమను తరిమివేయడానికి తయారుచేసినది. తలుపు బందులకు, తుప్పు మేకులకు దివ్యమైన వస్తువు. బ్రేకరుకు మాత్రం అపకారం. పాత గ్రీజును కడిగేస్తుంది, తాను త్వరగా ఆరిపోతుంది. ఆ రోజుకు బ్రేకరు టపటపా ఆడుతుంది, అందరూ సంతోషిస్తారు. కొన్ని నెలలకు కందెన అనేదే లేకుండా పోతుంది. అట్లాగే వెండిపూత వున్న కాంటాక్టులను గరుకు కాగితంతో మెరుగు పెట్టడం. మెరిసేది రాగి, పోయింది వెండి.

ఆ పిమ్మట మెగ్గరు, కాంటాక్టుల నిరోధం, వేగం కొలవడం, పుస్తకంలో వ్రాయడం, సామాను లెక్కపెట్టుకోవడం. ఒక్క స్పానరు లోపల మరిచిపోతే పొద్దుటినుంచి చేసినదంతా గంగపాలు. యిట్లా ఒక్కొక్క బ్రేకరుకు. మీవారి మిల్లులో యెన్ని వున్నాయో నాకు తెలియదు గాని, ఒక ఆదివారానికి నాలుగైనా పూర్తయితే వారు మంచి పనివారనే చెబుతాను.

ఇక మీ చేతిలో వున్న సంగతులు. 1982లో రాల్ఫ్ లీ అనే అమెరికా ఇంజనీరు కరెంటు ఆర్కువల్ల కాలే గాయాలమీద ఒక వ్యాసం ప్రకటించాక, ప్రపంచంలో ఎలక్ట్రీషియన్ల దుస్తుల సంగతి పట్టించుకోవడం మొదలైంది. అంతకుముందు “షాకు కొడుతుంది” అనే భయమే తప్ప ఆర్కు భయం లేదు. ఆర్కు నడుమ వేడి 19,000 డిగ్రీల సెంటీగ్రేడు దాకా పోగలదు. సూర్యుడి పైభాగమే 5,500. అది యెంతసేపు వుంటే అంత కాల్పు. బ్రేకరు రెండింతలు ఆలస్యం చేస్తే ఒంటికి తగిలే వేడి రెండింతలు. గ్రీజుకూ చర్మానికీ వున్న సంబంధం యిదే.

అందుచేత షట్‌డౌన్ నాడు పాలియెస్టరు, టెరికాటను చొక్కాలు బీరువాలోనే వుంచండి, యెంత ఇస్త్రీ నిలిచినా సరే. అవి మంటకు కరిగి వొంటికి అతుక్కుంటాయి. నూలు చొక్కా, నూలు పంట్లాము, లోపలి బనీను కూడా నూలుదే. దానిమీద ఆర్కు కోటు మిల్లువారు యివ్వాలి. నూలు గుడ్డ ఒక్కటే దాన్ని ఆపలేదు, మంట అంటుకోగలదు కూడా. కోటు యివ్వకపోతే అడగవలసిందే. ఉంగరం, గడియారం, మెడలో గొలుసు, చేతి కడియం, రాగిరేకు తాయెత్తు, వెండి మొలతాడు, అన్నీ యింట్లో తీసి వెళ్ళాలి. పెళ్ళి ఉంగరం తీయడం అపశకునమని ఒకామె నాతో వాదించింది. దేవుడి గూట్లో పెట్టించండమ్మా, సాయంత్రం మీ చేతనే తొడిగించుకుంటారు అన్నాను. ఒప్పుకుంది.

ముందురోజు రాత్రి పేరంటాలూ సినిమాలూ వద్దు, నిద్రపోనివ్వండి. మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారా లేదా అని సెల్‌ఫోన్ చేయకండి. మధ్యాహ్నానికి వారి వేళ్ళు స్ప్రింగుల మధ్య వుంటాయి. తొందరపెట్టేవారు అక్కడ చాలామందే వుంటారు. ప్రొడక్షనువారు గంటగంటకూ తలుపు దగ్గరికి వచ్చి “యింకెంతసేపు?” అంటారు.

మీ యింటి ఎం.సి.బి.కి యేదైనా వేయాలా అని ఉత్తరం చివర అడిగారు. వేయకూడదు. అది మూసిన పెట్టె. నూనె, స్ప్రే, గ్రీజు, యేదీ చూపించవద్దు. వేడెక్కితే, సరిగ్గా పడకపోతే లైసెన్సున్న ఎలక్ట్రీషియను చేత మార్పించేయడమే. కాని దాని పక్కన కొంచెం వెడల్పుగా ఆర్.సి.సి.బి. అని ఒకటి వుంటుంది. తడిచేతికి షాకు తగలగానే కరెంటు ఆపేది అదే. దానిమీద “టి” అక్షరంతో ఒక చిన్న మీట వుంది. యెన్నాళ్ళకొకసారి నొక్కాలో దానితో వచ్చిన కాగితంమీద వుంటుంది. నెలకో, మూడు నెలలకో, ఆ తేదీ క్యాలెండరులో పాలవాడి లెక్క పక్కన గుర్తు వేసుకోండి. నొక్కగానే యిల్లంతా కరెంటు పోవాలి. పోకపోతే, ఆ రోజే ఎలక్ట్రీషియనుకు కబురు పంపండి. పోతే మళ్ళీ మీట పైకెత్తి, ఫ్రిజ్జు నడుస్తున్నదో లేదో చూసుకొని, మీ కుట్టుపని మీరు చేసుకోండి.